గాడిదమెడ మలుపులో పూసల చప్పుడు

గాడిదమెడ మలుపు దగ్గర చీకటి పడ్డాక బండి ఆపకూడదని మా కొండల్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నడకొచ్చిన పిల్లాడికి పొయ్యి దగ్గరికి పోవద్దని ఎలా చెబుతామో, బండి నేర్చుకునే కుర్రాడికి ఈ మాట అలా చెబుతాం.

ఆ రోడ్డు వేసిన మేస్త్రి తప్పతాగి వేశాడని మావాళ్ళ నమ్మకం. పట్నం నుంచి మా మావ్రోలీథి దాకా ఎన్ని మలుపులున్నాయో అన్నీ కొండవైపుకే వాలుతాయి. అదొక్కటే లోయవైపుకి వాలుతుంది. పైగా నిలువెక్కుడు. మొదటి గేరులో మూలుగుతూ ఎక్కాల్సిందే. ఎక్కుతున్నంతసేపూ బండి మనల్ని లోయలోకి ఒంపేద్దామని చూస్తున్నట్టే ఉంటుంది.

మా తాతల కాలంలో ఉప్పుబస్తాలు తోలుకుపోతూ ఒక కంచరగాడిదలవాడు అక్కడ పడిపోయాడట. మంచు దిగిన రాత్రుళ్ళు గాడిదల మెడగంటలు వినబడతాయనేవారు. మా అమ్మమ్మ చెప్పినప్పుడు గాడిదలు రెండే. నాకు మీసాలొచ్చేసరికి అవి మంద అయ్యాయి. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను.

ఎందుకంటే లాంబ్రోస్ పోయాక అక్కడ వినబడేది గంటలు కాదు.

టక్... టక్‌టక్... టక్...

పూసల చప్పుడు. మా మగవాళ్ళ చేతుల్లో ఎప్పుడూ ఆడుతుండే తావళం చప్పుడు. జపానికేం కాదు, ఉత్త ఊసుపోకకి. కాఫీ కొట్టులో కూర్చున్నా, గొర్రెల వెనక నడిచినా, వేళ్ళ మధ్య తిప్పుకుంటూ ఒక్కో పూసా జారవిడుస్తుంటాం. ఎవరి తావళం చప్పుడు వాళ్ళది. తలుపు తియ్యకుండానే వచ్చినవాడెవడో చెప్పెయ్యచ్చు.

ఆ చప్పుడు ఎవరికి పడితే వాళ్ళకి వినబడలేదు. ఒక్క బండిలోనే వినబడేది. లాంబ్రోస్ తండ్రి ప్రొకోపిస్ పికప్‌లో. రొట్టెల అంగడి తాసోస్ ఒకసారి ఆ బండెక్కి, మలుపు దగ్గర ఆ చప్పుడు విని, ఆపమని దిగిపోయి, మిగతా దారంతా పిండిబస్తా భుజానేసుకుని వానలో నడిచి వచ్చాడు. తాసోస్ ఎంత బద్ధకస్తుడో ఊరందరికీ తెలుసు. అందుకే అందరూ నమ్మారు.

నాకీ సంగతి సగం యోర్దానిస్ చెప్పాడు, సగం ప్రొకోపిస్ భార్య పోలిక్సేని చెప్పింది. ప్రొకోపిస్ చెప్పలేదు. ఆయన నోట మాట రావాలంటే పొట్టేలుని మెట్లెక్కించినంత పని.

లాంబ్రోస్ ఆయనకి ఒక్కగానొక్క కొడుకు. ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. తాత పొట్టేలు కొమ్ముతో చెక్కిన పూసల తావళం వాడి చేతికొచ్చాక వాడి వేళ్ళు ఊరుకున్నది లేదు. వాడు సందు మలుపు తిరగకముందే ఇంట్లో పోలిక్సేని పళ్ళెం పెట్టేసేది.

ఆ నవంబరు ఉదయం ప్రొకోపిస్ కాఫీ కొట్టులో యోర్దానిస్‌తో పాచికలాడుతున్నాడు. యోర్దానిస్ మా ఊరి మెకానిక్. అంతకంటే ముఖ్యం, లాంబ్రోస్‌కి పేరుపెట్టి జ్ఞానస్నానం చేయించినవాడు. మా దగ్గర అలాంటివాడిని బిడ్డ తండ్రి "కుంబారే" అని పిలుస్తాడు, అతనూ ఈయన్ని అలాగే పిలుస్తాడు. తోడబుట్టినవాడితోనైనా పొలంగట్టు దగ్గర తగువు పడచ్చు గానీ కుంబారేతో పడకూడదు.

లాంబ్రోస్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, బండి ఇంజనులో ఏదో మోగుతోంది. ఒక్కసారి వచ్చి వినవా?"

"ఇక్కడ మోగుతోందా?"

"ఇక్కడ కాదు. గాడిదమెడ ఎక్కేటప్పుడు."

"మరి ఇక్కడ నన్నేం వినమంటావు, నీ పాటా? ఎక్కడ మోగితే అక్కడ ఆపు. బానెట్టెత్తి చెవి పెట్టు. ఇంజను మోత నడుచుకుంటూ ఇంటికి రాదు."

"సాయంత్రం నా కొట్టుకి తీసుకురారా, నేను చూస్తాలే," అన్నాడు యోర్దానిస్. "బండిలో తీగముక్కైనా పెట్టుకున్నావా, లేదా?"

"వద్దు కుంబారే. వాణ్ణే వెతకనీ. నేర్చుకుంటాడు," అని ప్రొకోపిస్ పాచికలు విసిరాడు. బల్ల మీంచి కళ్ళు కూడా ఎత్తలేదు. కొడుకు వెళ్ళిపోయేటప్పుడు వాడి వీపైనా చూడలేదు.

ఆ సాయంత్రం లాంబ్రోస్ గాడిదమెడ దగ్గర బండి ఆపాడు. పొగమంచు. పైనుంచి పాలరాతి పలకలతో దిగుతున్న లారీవాడికి వాడు కనబడలేదు.

పట్నంలో సామాను కొనుక్కుని వస్తున్న యోర్దానిస్ మొదట అక్కడికి చేరాడు. కుర్రాడి తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చేసరికి వాడు లేడు. పికప్ ఓ పక్కన చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని బానెట్టు మూసే ఉంది.

"పోయేముందు ఒక్క మాటన్నాడు కుంబారే," అని ఆ రాత్రి యోర్దానిస్ ఏడుస్తూ చెప్పాడు. "'దొరికింది, నాన్నకి చెప్పు' అన్నాడు. ఏం దొరికిందిరా అన్నాను. మళ్ళీ పలకలేదు."

ప్రొకోపిస్ ఆ మాట అప్పుడు విన్నాడో లేదో తెలియదు. శవాన్ని కడిగేటప్పుడు కొడుకు చేతులు చూశాడు. జేబులు చూశాడు. ఆసుపత్రివాళ్ళిచ్చిన సంచీ బోర్లించి చూశాడు. తావళం లేదు. తెల్లారి మలుపు దగ్గరికెళ్ళి గడ్డిపోచ గడ్డిపోచా వెతికాడు. లేదు. కొడుకుతో పాటు పెట్టెలో పెట్టడానికి తాత తావళం లేకపోయిందని ఆయన దుఃఖమంతా ఆ పూసల మీదికి పోయింది. మనిషికి ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

నలభయ్యో రోజున చర్చి ముంగిట్లో పోలిక్సేని, చక్కెరా దానిమ్మగింజలూ కలిపిన ఉడికిన గోధుమలు చిన్నచిన్న పొట్లాలుగా పంచుతోంది. చనిపోయినవాణ్ణి దేవుడు క్షమించాలని తలుచుకుని వాటిని తినాలి. యోర్దానిస్ పొట్లం అందుకున్నాడు. అప్పుడు ప్రొకోపిస్ ఊరందరి ముందూ అడిగాడు.

"మా వాడి చేతిలోంచి తావళం ఏమైంది కుంబారే? వాడి దగ్గరున్నది నువ్వొక్కడివే."

యోర్దానిస్‌కి మొదట అర్థం కాలేదు.

"దొరికింది, దొరికింది అన్నాడన్నావుగా. నీకే దొరికినట్టుంది."

యోర్దానిస్ గోధుమల పొట్లాన్ని విప్పకుండానే గోడమీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పొట్లం సాయంత్రం దాకా అక్కడే ఉంది. పిచ్చుకలు కూడా ముట్టలేదని తాసోస్ అంటాడు గానీ అది అతని అతిశయోక్తి.

ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడలేదు. ఒక చర్చి, ఒక కాఫీ కొట్టు ఉన్న ఊళ్ళో అది మామూలు కష్టం కాదు. పాచికల పెట్టె మాత్రం కొట్టులో అలాగే మూసి ఉండేది. దాన్ని తెరవడానికి ఇంకెవరికీ చేతులు రాలేదు.

పికప్‌ని గొర్రెలదొడ్డి పక్కన పట్టా కప్పి వదిలేశాడు ప్రొకోపిస్. అమ్మడానికి మనసొప్పలేదు, నడపడానికీ ఒప్పలేదు.

ఏడాది దినం అయ్యాక మంచు ముందే పడింది. గొర్రెలకి మేత తేవాలి. పట్టా తీశాడు. పక్కన పోలిక్సేని కూర్చుంది, ఒళ్ళో నూనె సీసా పెట్టుకుని. మలుపులో, ఇనుపకాళ్ళ మీద పిచ్చుకగూడంత చిన్న గుడి ఒకటి పెట్టించారు లాంబ్రోస్ పేరిట. లోపల ఒక బొమ్మ, ఒక దీపం. శనివారం శనివారం ఆవిడ నడిచి వెళ్ళి వెలిగించి వచ్చేది.

పట్నంలో మేతబస్తాలెత్తుకుని తిరిగి వస్తుంటే చీకటి పడింది. గాడిదమెడ మొదలైంది. మొదటి గేరు. ఇంజను మూలిగింది. బండి లోయవైపుకి ఒరిగింది.

టక్... టక్‌టక్... టక్...

పోలిక్సేని చెయ్యి ఆయన మోచేతి మీద పడింది.

"విన్నావా..."

"నట్టేదో వదులైంది."

"ప్రొకోపీ... వాడే."

"నట్టు."

ఆవిడ మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. ఏడవలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. ఏడాదిగా ఏడుస్తున్న మనిషి ముఖంలో ఆ రాత్రి ఏదో నెమ్మది కనిపించింది, వాకిట్లో కొడుకు అడుగుల చప్పుడు విన్నట్టు.

మలుపు దాటగానే చప్పుడు ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఆయన వెతకడం మొదలుపెట్టాడు. బండి వెనక తొట్టిలో ఉన్నవన్నీ దించేశాడు. గొలుసు, తాడు, జాకీ, మేకులడబ్బా. సీటు కింద ఎప్పటివో రెండు వాల్‌నట్ కాయలు దొరికితే ఇదే అనుకుని ఎంతో సంతోషించాడు. సాయంత్రం మలుపెక్కాడు. టక్... టక్‌టక్...

పట్నంలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ కుర్రాడు బండికి తీగలు తగిలించి తెర మీద అంకెలు చూశాడు.

"ఇంజను గుండ్రాయిలా ఉంది మావా. ఏ మోతా లేదే."

"ఇక్కడ మోగదు. గాడిదమెడ ఎక్కేటప్పుడు, అదీ—"

"గాడిదమెడా? నాకిద్దరు చిన్నపిల్లలు మావా. నన్నొదిలెయ్," అని తీగలు చుట్టేసుకున్నాడు.

ఫాదర్‌గారు కూడా వచ్చారు. పిలవకుండానే వచ్చారు. తులసికొమ్మ పవిత్రజలంలో ముంచి ఇంజను మీదంతా చల్లారు. ఇంజను చల్లబడింది గానీ మోత పోలేదు. చూడాల్సినవాడు ఊళ్ళోనే ఉన్నాడు. ఇంజను ఊపిరి విని జబ్బు చెప్పగలిగినవాడు. కానీ ఆ గుమ్మం ప్రొకోపిస్ తనకు తనే మూసుకున్నాడు.

"వెతకొద్దు," అంది పోలిక్సేని ఒక రాత్రి. "అదేమిటో నాకు తెలియక్కర్లేదు."

"నాకు తెలియాలి."

"తెలిస్తే ఏమొస్తుంది? వాడు పలుకుతున్నాడు. పలకనీ."

"వాడు మోగుతోందన్నప్పుడు నేను లేచి వెళ్ళలేదు," అన్నాడాయన. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగా ఆవిడ వినలేదు. "బ్రేకుదో, స్టీరింగుదో అయితే... ప్రాణం తీసేదే అయితే... నేనే వాణ్ణి ఆ బండిలో పంపాను. ఏమీ కాకపోతే, ఏమీ కానిదాని కోసం చీకట్లో రోడ్డుమీద నిలబెట్టాను. ఏదో ఒకటి తెలియాలి పోలిక్సేనీ. తెలియకుండా నేను ఈ మంచం మీద పడుకోలేను."

ఆవిడ దీపం తగ్గించి గోడవైపు తిరిగింది. ఆయన నిజంగానే పడుకోలేదు.

మరుసటి సాయంత్రం ఒక్కడే బయల్దేరాడు. పొగమంచు ఆ రోజులాగే దిగింది. చెట్లు లేవు, లోయ లేదు, బండి దీపాల ముందు తెల్లటి గోడ ఒకటే. గాడిదమెడ మొదలైంది. ఇంజను మూలిగింది.

టక్...

ఆయన కిటికీ అద్దం దించాడు.

టక్‌టక్... టక్...

బ్రేకు వేసి ఆపాడు. ఏడాది క్రితం వాడు ఆపిన చోటే. చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. చిన్న గుడిలో దీపం ఆరిపోయి ఉంది. దాని వైపు చూడకుండా ఇంజను తిరుగుతుండగానే బానెట్టెత్తి చెవి పెట్టాడు.

చప్పుడు లేదు. ఇంజను సాఫీగా తిరుగుతోంది.

ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కింద ఎక్కడో నీళ్ళు. వెనక్కి చూడాలనిపించింది. వెనక ఎవరో తనలాగే వంగి, తనలాగే వింటున్నట్టు... మెడ మీద వెచ్చగా...

చూడలేదు. "ఇక్కడే ఉన్నావా?" అని మాత్రం గొణిగాడు. ఎవర్ని అడిగాడో ఆయనకే తెలియాలి.

ఇంజను ఆపేశాడు. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కో గొట్టం, ఒక్కో తీగా తడుముతూ పోయాడు. బెల్టులు సరే. బ్యాటరీ సరే. ఆయిలు కొలిచే పుల్ల దూర్చే సన్నటి గొట్టం దగ్గరికొచ్చేసరికి వేళ్ళకి ఏదో మెత్తగా తగిలింది.

దారం.

ఆ గొట్టాన్ని ఇంజనుకి పట్టి ఉంచే మర ఊడిపోయి ఎప్పుడో పోయింది. మర లేకపోతే ఆ గొట్టం ఎక్కుళ్ళలో ఇంజనుకి కొట్టుకుని మోగుతుంది. ప్రాణం తీసేది కాదు. చిరాకు పెట్టేది, అంతే. కానీ అది ఇప్పుడు మోగడం లేదు. ఎవరో దాన్ని దారంతో బిగించి కట్టారు. నూనెకి నల్లబడిపోయిన పట్టుదారం. కొసన కుచ్చు ఇంకా వేళ్ళాడుతోంది.

ముడి చూశాడు. మేకమెడలో గంట కట్టే ముడి. రెండు చుట్లు, ఒక మెలిక. ఎంత ఊపినా వదలదు. ఆ ముడి ఆ కొండలో చాలామందికి వచ్చు గానీ, ఎడమచేత్తో కట్టేవాడు ఒక్కడే. వాడి చిన్నప్పుడు ఆ చేతిని పట్టుకుని నేర్పించింది తనే.

ప్రొకోపిస్ నోట్లోంచి టార్చి జారి రోడ్డు మీద పడింది.

తీగముక్క లేదు వాడి దగ్గర. యోర్దానిస్ ఎన్నిసార్లు చెప్పినా పెట్టుకోలేదు. చేతిలో ఉన్నది తావళం. దాన్నే పంటితో కొరికి దారం తీశాడు. మరి పూసలు?

బండిని బంపరు పట్టుకుని ఊపాడు. లోపల ఎక్కడో కింద... టక్.

ఎప్పుడో విన్న మాట ఆలస్యంగా అర్థమైనవాడిలా ఆయన నెమ్మదిగా కిందికి వంగాడు. రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. ఇంజనుకి అడుగున రాళ్ళు తగలకుండా ఒక రేకు బిగించి ఉంటుంది, బండి లోయవైపుకి ఒరిగితేనే అందులో పడ్డవి దొర్లుతాయి. దాని మరలు తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. రేకు ఓ వైపు వాలింది.

మట్టి, ఎండిన నూనె పెళ్ళలు, వాటితో పాటు గుండ్రటివి, చల్లటివి, ఒకదాని వెంట ఒకటి ఆయన గుండెల మీద పడ్డాయి.

టక్. టక్. టక్.

ఆయన వాటిని రెండు చేతులా ఒడిసిపట్టుకుని బండి కింద అలాగే పడుకుండిపోయాడు. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. తల పైన ఇంజను, కింద తడి రోడ్డు, బయట పొగమంచు. ఆ ఇరుకులో ఎవరికీ వినబడకుండా ఏడవచ్చు. ఏడ్చాడు.

అందుకే ఇంకో బండి వచ్చిన చప్పుడు వినలేదు.

అడుగులు వినబడ్డాయి. నెమ్మదిగా... ఆగి... మళ్ళీ నెమ్మదిగా. బండి కింద నుంచి చూస్తే రెండు బూట్లు. అవి ఆయన కాళ్ళ దగ్గరికొచ్చి ఆగిపోయాయి. పైనుంచి ఒక గొంతు. గొంతు కూడా కాదు, గాలి.

"లాంబ్రో...?"

ప్రొకోపిస్ పూసల్ని గుండెకి అదుముకున్నాడు.

"లాంబ్రో... లేరా నాయనా. మళ్ళీ ఇక్కడే ఆపావేమిరా... లారీ వస్తుంది... లే..."

అది యోర్దానిస్ గొంతు. పట్నం నుంచి వస్తూ, అదే చోట, అదే పొగమంచులో, బానెట్టెత్తిన అదే పికప్, దాని కిందినుంచి రోడ్డు మీదికి చాచి ఉన్న రెండు కాళ్ళు చూశాడు. దెయ్యమని పారిపోవాల్సిన మనిషి పారిపోలేదు. తన బండిని రోడ్డుకడ్డంగా పెట్టి, దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉండేలా చేసి, లారీ ఏదీ రాకుండా కాపలా కట్టి మరీ వచ్చాడు. దెయ్యమైనా సరే, ఈసారి లారీ కింద పడనివ్వదల్చుకోలేదు.

ప్రొకోపిస్ మోచేతుల మీద జరుగుతూ బయటికి వచ్చాడు. ముఖమంతా మట్టి, నూనె. యోర్దానిస్ రెండడుగులు వెనక్కి వేశాడు.

ప్రొకోపిస్ లేవలేదు. మోకాళ్ళ మీదే ఉండి దోసిలి చాచాడు. చెప్పాల్సినవి ఏడాదివి ఉన్నాయి. ఒక్కటే వచ్చింది.

"దొరికింది... కుంబారే."

యోర్దానిస్ దోసిట్లోకి చూశాడు. తర్వాత బానెట్టు కింద గొట్టానికున్న దారం వైపు, కుచ్చు వైపు చూశాడు. మెకానిక్ కదా, విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. రోడ్డు మీద కూలబడ్డాడు.

"మోత," అన్నాడు. "మోత దొరికిందని చెప్పాడు. నాకు తెలియలేదు. నీకు చెప్పమన్నాడు."

"చెప్పావు. నేను వినలేదు."

"బాగా కట్టాడు."

"బాగా కట్టాడు," అన్నాడు ప్రొకోపిస్. "అయిపోయాక బానెట్టు కూడా మూశాడు."

ఇద్దరూ ఆ రోడ్డు మీదే కూర్చున్నారు. చీకటి పడ్డాక ఆగకూడని చోట. క్షమించమని ఒకరు అడగలేదు, క్షమించానని ఇంకొకరు అనలేదు. కాసేపయ్యాక యోర్దానిస్ లేచి చిన్న గుడి తలుపు తీసి ఆరిపోయిన దీపం వెలిగించాడు. అగ్గిపెట్టె వెతుక్కోలేదు. ఏ మూల ఉంటుందో అతనికి తెలుసు. పోలిక్సేని శనివారం పోసిన నూనె వారమంతా ఎలా వెలుగుతోందో ఆ రాత్రి ప్రొకోపిస్‌కి అర్థమైంది.

యోర్దానిస్ రేకు మళ్ళీ బిగించాడు. దారాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఇంజను స్టార్టు చేసి ప్రొకోపిస్ మలుపెక్కాడు. మొదటి గేరు. బండి లోయవైపుకి ఒరిగింది.

ఏమీ లేదు.

చెవులు రిక్కించాడు. ఇంజను మూలుగు, చక్రాల కింద కంకర, అంతే. ఇన్నాళ్ళూ ఏది పోవాలని వెతికాడో అది పోయింది. మలుపు ఉత్త మలుపైపోయింది. దాటిన తర్వాత బండి పక్కకి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. కొడుకు రెండోసారి పోయినట్టనిపించిందని ఆయన భార్యతో అన్నాడట. చప్పుడు పోవడం గురించి ఆయన అన్న మాట అదొక్కటే.

ఇంటికొచ్చి పూసలు పోలిక్సేని ఒళ్ళో పోశాడు. ఆవిడ అన్నీ విన్నది. ఒక్కో పూసా నీళ్ళలో కడిగి, తుడిచి, కొత్త దారానికి ఎక్కించి లాంబ్రోస్ ఫొటోకి తగిలించింది. "ఇంక మోగదన్నమాట," అంది. ఆయన తల వంచుకున్నాడు.

చలికాలం చివర్లో, చనిపోయినవాళ్ళందరినీ తలుచుకునే శనివారం వచ్చింది. ఆవిడ మళ్ళీ గోధుమలు ఉడికించింది. చర్చి ముంగిట్లో యోర్దానిస్ పొట్లం విప్పి, ఊరందరి ముందూ, చివరి గింజ దాకా తిన్నాడు. ఎవరూ ఎవరివైపూ చూడలేదు. తాసోస్ మాత్రం ముక్కు చీదుకున్నాడు.

సాయంత్రం ముగ్గురూ పికప్‌లో బయల్దేరారు, కింద చిన్న గుడిలో నూనె పోయడానికి. మధ్యలో పోలిక్సేని, ఆ పక్కన యోర్దానిస్. నూనె పోసి బండి తిప్పుకుని ఇంటిదారి పట్టేసరికి చీకటి పడింది. గాడిదమెడ మొదలైంది. మొదటి గేరు. బండి లోయవైపుకి ఒరిగింది.

టక్.

ప్రొకోపిస్ కాలు బ్రేకు మీద పడింది. అన్ని పూసలూ తీశాడు. రేకు తన కళ్ళముందే ఖాళీ అయింది. దారం అక్కడే ఉంది, పొద్దున కూడా చూశాడు...

టక్... ఒక్కటే. గుండ్రటిది. నెమ్మదైనది.

"కుంబారే..." అన్నాడు. "విన్నావా?"

యోర్దానిస్ కిటికీలోంచి లోయని చూస్తున్నాడు. చీకట్లో అక్కడ చూడ్డానికేమీ లేదు.

"నేనే వేయించాను," అంది పోలిక్సేని. "ఫొటో దగ్గర దారం చూసుకోలేదా, ఒక పూస తక్కువుంది. యోర్దానిస్‌ని అడిగితే నువ్వు గొర్రెల దగ్గరున్నప్పుడు వచ్చి రేకులో వేసి వెళ్ళాడు."

ప్రొకోపిస్ ఏదో అనబోయాడు. ఆవిడ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"వాడు దొరికిందన్నాడు కదా ప్రొకోపీ. ఇంకెవరూ వెతకొద్దు."

ఆయన బ్రేకు మీంచి కాలు తీశాడు. బండి మూలుగుతూ కదిలింది.

ఇప్పటికీ ఆ బండెక్కినవాళ్ళు గాడిదమెడ దగ్గర ఆ చప్పుడు విని శిలువ గుర్తు వేసుకుంటారు. కొందరు దిగి నడుస్తారు. ఆ ముగ్గురిలో ఎవరూ వాళ్ళకి ఏమీ చెప్పరు. నేనూ ఆ బండెక్కాను. మలుపులో టక్‌మన్నప్పుడు, అదేమిటో నాకు ముందే తెలుసు. పొట్టేలు కొమ్ముతో చెక్కిన ఒక పూస. అయినా ఒళ్ళు ఝల్లుమంది. ప్రొకోపిస్ వైపు చూశాను. ఆయన రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, బండిని కొంచెం నిదానం చేసి, వింటున్నాడు.